బడి భోజనం పిల్లలకు ఒంటబట్టాలంటే

అమ్మా, మీరు రాసింది చదివాను. పాప మూడో తరగతి, బాబు ఏడో తరగతి, ఇద్దరూ ఊళ్లో ప్రభుత్వ బడికే వెళ్తున్నారు. మీరూ మీవారూ పొద్దున్నే పనికి బయల్దేరతారు. పాప బడిలో అన్నం సగం వదిలేస్తోందని, గుడ్డు అసలు ముట్టుకోదని పక్కింటి అమ్మాయి చెబితే మీకు తెలిసింది. బాబుకేమో అక్కడి అన్నం చాలడం లేదు. సాయంత్రం రాగానే పది రూపాయలు పట్టుకుని చిప్స్ ప్యాకెట్ కోసం కొట్టుకు పరిగెడుతున్నాడు. "బడి భోజనం మాన్పించి క్యారేజీ కట్టి పంపితే నయమా?" అని అడిగారు.

నేను మండల పరిషత్ బడుల్లో టీచరుగా, ఆఖర్లో హెచ్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. 1995లో ఈ మధ్యాహ్న భోజన పథకం మొదలైన కొత్తలో వంట లేదు. పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చి ఇంటికి పంపేవాళ్లం. ఆ బియ్యం ఇంటిల్లిపాదీ తినేవాళ్లు, పిల్లవాడి కడుపులోకి ఎంత వెళ్లిందో ఎవరికీ తెలిసేది కాదు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక, 2003 జనవరి నుంచి మన ఆంధ్రప్రదేశ్‌ బడుల్లో పొయ్యి వెలిగింది. అప్పటి నుంచి పిల్లల కంచాలు చూస్తూనే వచ్చాను. కాబట్టి ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేస్తాను. మాన్పించకండి. పాప ఎందుకు వదిలేస్తోందో కనుక్కోండి. బాబుకు రావాల్సిన కొలత అడిగి పెట్టించండి. బడిలో ఏ రోజు ఏం పెడుతున్నారో చూసుకుని దాన్ని బట్టి ఇంట్లో వంట మార్చుకోండి. ఈ మూడోది దాదాపు ఎవరూ చేయరు. పిల్లలకు ఎక్కువ మేలు జరిగేది మాత్రం దానివల్లే.

క్యారేజీ ఎందుకు వద్దంటున్నానంటే, పొద్దున ఆరింటికి ముందే వండి మూతపెట్టిన అన్నం మధ్యాహ్నం దాకా ఉండాలి. ఎండాకాలంలో అది వాసన వస్తుంది. పైగా హడావుడిలో కట్టే క్యారేజీలో ఏముంటుందో నేను చూశాను కదా. అన్నం, పచ్చడి, లేదంటే బంగాళాదుంప వేపుడు. పప్పూ గుడ్డూ ఉండే క్యారేజీ చాలా అరుదు. మీలాగా తెల్లారకుండా లేచి పనికి వెళ్లే తల్లి రోజూ అంత వంట చేయగలదని నేను అనుకోను, చేయాలని కూడా అనను.

బడి కంచంలో ఏముండాలో ఒకసారి లెక్క చూడండి. అయిదో తరగతి దాకా పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. చిన్నవాళ్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను అందాలి. పెద్దవాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీను. ఇది కేంద్రం పెట్టిన నిబంధన. మన రాష్ట్రంలో వారానికి అయిదు గుడ్లు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ, మూడు రోజులు రాగిజావ దానికి అదనం. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు ఇస్తున్నారు.

ఇప్పుడు పాప వయసు పిల్లకు రోజంతా కలిపి ఎంత కావాలో చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు సుమారు 1700 కేలరీలు, 23 గ్రాముల ప్రొటీను కావాలి. అంటే బడి భోజనం పూర్తిగా తింటే రోజుకు కావలసిన ప్రొటీనులో సగం అక్కడే అందుతుంది. గుడ్డు కూడా తింటే ఇంకో ఆరు గ్రాములు. పాప గుడ్డు వదిలేస్తోందంటే రోజు అవసరంలో పావు వంతు వదిలేస్తున్నట్టు. కేలరీలు మాత్రం నాలుగో వంతుకు కాస్త పైనే, అంతకు మించి రావు. మిగిలినదంతా ఇంటి నుంచే రావాలి. బడిలో పెడుతున్నారు కదా అని పొద్దున టీ బిస్కెట్లతో సరిపెట్టే ఇళ్లలో పిల్లలు బక్కగానే ఉండిపోవడానికి ఇదే కారణం.

పాప సంగతికి వస్తాను. "ఎందుకు తినడం లేదు?" అని అడిగితే పిల్లలు "బాగోదు" అని ఒక్క మాట చెబుతారు. ఆ మాట వెనక ఏదైనా ఉండొచ్చు. అలా అడక్కుండా, "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు? ఎవరు వడ్డించారు? ముందు ఎవరు లేచారు?" అని అడగండి. అసలు సంగతి దానంతట అదే బయటికి వస్తుంది.

నేను ఎక్కువగా చూసిన కారణం టైము. లాంగ్‌బెల్ కొట్టాక చెయ్యి కడుక్కునే దగ్గర లైను, వడ్డించే దగ్గర లైను. చివరి బంతిలో కూర్చున్న పిల్ల నాలుగు ముద్దలు తినేసరికి ముందు తిన్నవాళ్లు ఆటల్లో పడతారు. ఏడెనిమిదేళ్ల పిల్లకు ఆట కన్నా అన్నం ముఖ్యం కాదు. చిన్న తరగతుల వాళ్లకు ముందు వడ్డించమని, తిన్నాక కనీసం కొంతసేపు అందరినీ కూర్చోబెట్టమని హెచ్‌ఎంను అడగండి. ఇది డబ్బు ఖర్చు లేని మార్పు. అడిగితే చాలామంది చేస్తారు.

రెండోది పళ్లు. మూడో తరగతి అంటే పాలపళ్లు ఊడే వయసు. కదులుతున్న పన్నుతో గట్టి చిక్కీ కొరకలేరు, మెతుకు గట్టిగా ఉంటే నమలలేరు. ఈ సంగతి పిల్లలు నోరు తెరిచి చెప్పరు. పాప నోరు ఒకసారి చూడండి. చిక్కీ దాచుకుని ఇంటికి తెచ్చుకోమని చెప్పండి. రోట్లో దంచి పొడి చేసి ఇవ్వండి, లేదా అటుకుల్లో కలిపి పెట్టండి. అది పాడయ్యే వస్తువు కాదు.

మూడోది కొంచెం సున్నితమైనది. బడిలో మరుగుదొడ్డి బాగోలేకపోతే ఆడపిల్లలు పొద్దుటి నుంచీ నీళ్లు తాగరు. నీళ్లు లేక నోరు ఎండిపోయి, తలనొప్పితో అన్నం సయించదు. పాపకు పంపించిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోందా అన్నది గమనించండి. నిండుగా వస్తుంటే సమస్య వంటలో లేదు, మరుగుదొడ్డిలో ఉంది. మీరు మాట్లాడాల్సింది దాని గురించి.

ఇవి కాక కారం ఎక్కువ కావడం ఉంటుంది. పెద్ద పిల్లలకూ చిన్నవాళ్లకూ ఒకే గుండిగలో వండుతారు కాబట్టి చిన్నవాళ్లకు నోరు మండుతుంది. చిన్న గిన్నెలో కాస్త పెరుగో మజ్జిగో పంపిస్తే చివర నాలుగు ముద్దలు సాఫీగా వెళ్తాయి. పదకొండింటి ఇంటర్వెల్‌లో తీపి బిళ్లలు, ప్యాకెట్లు తినడం కూడా కారణమే. ఆకలి అక్కడే చచ్చిపోతుంది.

ఇంకొకటి చెప్పక తప్పదు. మీ ఇంట్లో ఇలా ఉందని నా ఉద్దేశం కాదు, చదివే వేరేవాళ్ల కోసం చెబుతున్నాను. "ఆవిడ వండింది మనం తినకూడదు" అని ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల చెవిలో వేసిన ఊళ్లు నేను చూశాను. ఆ పిల్లలు తినాలని ఉన్నా కంచం పట్టుకుని పక్కకు నిలబడేవాళ్లు. వంట మనుషులుగా దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టే 2004లో ఆదేశించింది. పిల్లలు ఒకే బంతిలో కూర్చుని తినడం ఈ భోజనంలో బియ్యం పప్పులంత ముఖ్యమైన భాగం. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే అక్కడికక్కడే ఆపండి. ఆ మాట పిల్ల ఆకలిని చంపుతుంది, వండే మనిషిని అవమానిస్తుంది. దానికి ఏ సాకూ లేదు.

గుడ్డు సంగతి. గుడ్డు తినని పిల్లల్లో చాలామందికి తెల్లసొనతో పేచీ లేదు, పచ్చసొన నోట్లో పిండిలా అతుక్కుంటుందని వదిలేస్తారు. పొడి గుడ్డును చివర్లో ఒట్టిగా తినమంటే ఎవరికైనా కష్టమే. ముందు పచ్చసొనను పప్పన్నంలోనో సాంబారులోనో మెదిపి కలుపుకోమని, తెల్లసొన విడిగా కొరుక్కుతినమని చెప్పండి. ఆదివారం ఇంట్లో మీరే అలా కలిపి తినిపించి చూపించండి. ఒకసారి నోటికి అలవాటయ్యాక బడిలో తనే కలుపుకుంటుంది. చిటికెడు ఉప్పు, మిరియాల పొడి కాగితంలో కట్టి పంపినా సరే. అన్నం అయ్యాక తిందాంలే అని గుడ్డును పక్కన పెట్టే అలవాటు మాన్పించండి. కడుపు నిండాక అది కంచంలోనే మిగిలిపోతుంది.

కొందరు పిల్లలు గుడ్డు తినకుండా జేబులో పెట్టుకుని ఇంట్లో తమ్ముడికో చెల్లికో తీసుకెళ్తారు. అది చూసినప్పుడల్లా నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. అలాంటి పిల్లల్ని తిట్టకండి. కానీ ఉడికించిన గుడ్డు మన ఎండలకు రెండు గంటలు దాటితే తినడానికి పనికిరాదని మెల్లగా చెప్పండి. ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే అంగన్‌వాడీలో పేరు రాయించండి, వాళ్ల గుడ్డు వాళ్లకు అక్కడ వస్తుంది. గుడ్డు తినని ఆచారం ఉన్న ఇళ్లవాళ్లు ఆ లోటును ఇంట్లో పప్పు, ఉడికించిన శనగలు, పల్లీలు, పెరుగుతో పూడ్చాలి. పప్పుచారు తేటతో అది తీరదు, చిక్కటి పప్పు కావాలి.

పప్పు మాట వచ్చింది కాబట్టి వంటగదిలో జరిగే చిన్న విషయం ఒకటి చెబుతాను. పెద్ద గుండిగలో పప్పు అడుగుకు దిగుతుంది, పైన నీళ్లు తేలతాయి. కలపకుండా పైపైన గరిటె ముంచి వడ్డిస్తే ముందు బంతివాళ్లకు నీళ్లే పడతాయి, అడుగున ఉన్న చిక్కటి పప్పు చివరివాళ్లకు వెళ్తుంది. వంటావిడ వేయాల్సిన పప్పు వేసినా సగం మంది పిల్లలకు అందదు. ప్రతి నాలుగైదు గరిటెలకు ఒకసారి అడుగు నుంచి కలపమని చెబితే చాలు. నేను వడ్డించే చోట నిలబడి ఎక్కువసార్లు చెప్పిన మాట ఇదే.

ఇక బాబు. అతనికి 150 గ్రాముల బియ్యం రావాలని పైన రాశాను. వండితే ఆ బియ్యం రెండున్నర మూడింతల అన్నం అవుతుంది. ఒకటో తరగతి పిల్లకూ ఏడో తరగతి పిల్లవాడికీ ఒకే గరిటె కొలత పెట్టే బడులున్నాయి. అతనికి చాలకపోవడానికి మొదటి కారణం అదే కావచ్చు. రెండో కారణం మొహమాటం. ఈ వయసు మగపిల్లలు మారు అడగడానికి సిగ్గుపడతారు, "తిండిపోతు" అంటారని భయం. "మారు అడగడం నీ హక్కు, అడిగి పెట్టించుకో" అని మీరు ఇంట్లో గట్టిగా చెప్పండి. హెచ్‌ఎంకు కూడా ఒక మాట చెప్పండి, వడ్డించేవాళ్లే "ఇంకొంచెం పెట్టనా?" అని అడిగితే పిల్లల సిగ్గు పోతుంది.

అయినా సాయంత్రం ఆకలి వేస్తుంది. పన్నెండేళ్ల వాడికి రోజుకు 2200 కేలరీలకు పైగా కావాలి, బడి భోజనం దాంట్లో మూడో వంతు. ఒళ్లు సాగే వయసు. ఆ ఆకలి నిజమైనది, దాన్ని చిప్స్‌తో నింపడమే తప్పు. మీరు పనిలో ఉంటారు కాబట్టి అతను తనంతట తాను తీసుకుని తినేలా ఏదైనా ఉంచి వెళ్లండి. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించిన శనగలో బొబ్బర్లో అయితే ఎండాకాలంలో సాయంత్రానికి పులిసిపోతాయి. అందుకని వేయించిన పల్లీలు, పుట్నాలు, అటుకులు, బెల్లం ఒక డబ్బాలో ఉంచండి. నువ్వులుండలు చేయగలిగితే ఇంకా మంచిది. కుండలో మజ్జిగ ఉంటే రెండు గ్లాసులు తాగుతాడు. ఆ పది రూపాయలు రోజూ ఒక డబ్బాలో వేయండి, వారం తిరిగేసరికి పల్లీలకూ గుడ్లకూ సరిపోయే డబ్బు చేతిలో ఉంటుంది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది, బడి మెనూ చూసి ఇంటి వంట. ఏ రోజు ఏం పెడతారో బడి గోడ మీద రాసి ఉంటుంది. ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంట్లో గోడకు అంటించుకోండి. మన రాష్ట్రంలో ప్రాంతాన్ని బట్టి మెనూ మారుతుంది కాబట్టి పక్క జిల్లా చుట్టాల మెనూ మీకు పనికిరాదు. పులిహోర, పొంగలి లాంటివి పెట్టే రోజున కంచంలో కూర తక్కువ ఉంటుంది. ఆ సాయంత్రం ఇంట్లో బీరకాయో సొరకాయో తోటకూరో వండండి. బడిలో పప్పు ఆకుకూర పెట్టిన రోజు మీరు మళ్లీ పప్పే వండితే పిల్లలు రెండుచోట్లా విసుక్కుంటారు. ఆ రోజు రాత్రికి పెరుగన్నం, వేపుడు, చేప దొరికితే చేప. గుడ్డు లేని రోజు ఏదో చూసుకుని ఆ రోజు ఇంట్లో గుడ్డు వండండి. రాగిజావ ఇచ్చే రోజున పొద్దున టిఫిన్ కాస్త తేలిగ్గా ఉన్నా పరవాలేదు కానీ, మానేయకూడదు. జావ టిఫిన్‌కు బదులు కాదు. రాగుల్లో సున్నం, అంటే కాల్షియం ఎక్కువ, వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పాలు సరిగా తాగని పిల్లలకు అది చాలా విలువైనది. పాప జావ వద్దంటే తీపి పెంచడం కాకుండా, కాస్త చల్లారాక తాగమని చెప్పి చూడండి. వేడి జావ తాగలేక వదిలేసే పిల్లలు ఎక్కువ.

పొద్దున టీ పూర్తిగా ఆపేయండి. ఈ విషయంలో నేను రాజీపడను. పప్పులోనూ ఆకుకూరలోనూ ఉన్న ఐరన్‌ను టీ ఒంటికి పట్టనివ్వదు. అన్నం తిన్న గంటలోపు తాగితే మరీను. దానికి పూర్తిగా ఉల్టాగా పనిచేసేది పులుపు, అంటే విటమిన్ సి. మధ్యాహ్నం పప్పన్నం మీద అర నిమ్మచెక్క పిండుకుంటే అదే పప్పులోంచి ఐరన్ ఎక్కువగా ఒంటబడుతుంది. బ్యాగులో ఒక నిమ్మచెక్కో, జామకాయో, సీజన్‌లో రెండు ఉసిరికాయలో పెట్టి పంపండి. మీరు క్యారేజీ పంపాలనుకున్నారు కదా, దానికి బదులు పంపాల్సింది ఇదీ, ఆ చిన్న గిన్నె పెరుగూ.

అన్నంలో "ప్లాస్టిక్ బియ్యం" కలుపుతున్నారని మీ ఊళ్లో కూడా అనుకుంటున్నారేమో. ఈ పుకారు వల్ల ఎందరో పిల్లలు అన్నం మానేశారు, అందుకే వివరంగా చెబుతున్నాను. బడి బియ్యంలోనూ రేషన్ బియ్యంలోనూ కలుపుతూ వచ్చినవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యపు పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి మళ్లీ బియ్యం ఆకారంలో మరలో తీస్తారు. వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. అందుకే అక్కడక్కడా వేరే రంగులో, కాస్త మెరుస్తూ కనిపిస్తాయి, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. వాటిని ఏరి పారేస్తే మందును పారేసినట్టే. ఇంట్లో రేషన్ బియ్యం వండేటప్పుడు కూడా మరీ ఎక్కువసార్లు కడగకండి, గంజి వార్చి పారబోయకండి. తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బు ఉన్న పిల్లలైతే డాక్టరును అడిగి నడుచుకోవాలి.

తిన్నది ఒంటబట్టకపోవడానికి ఇంకో పెద్ద కారణం నులిపురుగులు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. నమిలి మింగాలి. ఆ రోజు పిల్లలు బడి మానితే మిగిలినవాళ్లకు వేసే రోజు ఇంకొకటి ఉంటుంది, వదలొద్దు. వారానికోసారి ఐరన్ మాత్ర కూడా ఇస్తారు. పాపకు గులాబి రంగు, బాబుకు నీలం రంగు. భోజనం చేశాకే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుంది, ఆ ఒక్క అనుభవంతో పిల్లలు మాత్రను కిటికీలోంచి పారేస్తారు. మలం నల్లగా రావడం మామూలే, కంగారుపడకండి. చేతులు సబ్బుతో కడుక్కోవడం గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. బడిలో సబ్బు ఉందా అన్నది మాత్రం వెళ్లినప్పుడు చూడండి. లేకపోతే ఒక సబ్బు కొనిచ్చినా తప్పులేదు.

బడికి వెళ్లడం గురించి. ఒక రోజు పని మానుకోవడం మీకు ఎంత కష్టమో తెలుసు. అయినా ఏడాదిలో ఒకట్రెండు సార్లు భోజనం వేళకు వెళ్లి పిల్లల పక్కన కూర్చుని అదే అన్నం తినండి. తల్లిదండ్రులకు ఆ హక్కు ఉంది, పేరెంట్స్ కమిటీ ఉన్నదే అందుకు. పిల్లలకు వడ్డించే ముందు టీచరు రుచి చూడాలన్నది నిబంధన. అది జరుగుతోందా, రిజిస్టరులో రాస్తున్నారా అని అడగండి. ఈ నిబంధన ఎంత అవసరమో బీహార్‌లో జరిగింది చూస్తే తెలుస్తుంది. 2013 జులై 16న సారణ్ జిల్లా గండామన్ బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. కూర రుచి తేడాగా ఉందని పిల్లలు ముందే చెప్పారు. అందుకే మన పిల్లలకు రెండు మాటలూ నేర్పాలి. కంచంలో పెట్టింది పారేయకుండా తినాలి. కానీ వాసన గానీ రుచి గానీ తేడాగా అనిపిస్తే ఆపేసి వెంటనే టీచరుకు చెప్పాలి, ఎవరు తిట్టినా సరే. అన్నంలో పురుగు వచ్చినా అంతే.

వంట బాగోకపోతే ముందు వంటావిడతో మాట్లాడండి. చాలా బడుల్లో వండేది మీ ఊరి మహిళా సంఘం వాళ్లే. బిల్లు వచ్చేదాకా కూరగాయలు, గ్యాసు అప్పు తెచ్చి వండుతారు. బిల్లు ఆలస్యమైన నెలలో కూర పల్చనవుతుంది. అది వాళ్ల దొంగతనం అని ముందే తీర్మానించకండి. బిల్లు ఆగితే దాని గురించి తల్లిదండ్రులు కలిసి మండల విద్యాశాఖాధికారికి అర్జీ ఇస్తే ఒక్క వంటావిడ తిరిగినదానికన్నా త్వరగా పని జరుగుతుంది. బియ్యం, గుడ్లు నిజంగానే పక్కదారి పడుతున్నాయని అనుమానం ఉంటే హెచ్‌ఎంను స్టాక్ రిజిస్టరు చూపించమని అడగండి. ఏ మాటా మాట్లాడకుండా కంచం వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే రెండు రోజులు గొడవ జరుగుతుంది, మూడో రోజు కూర మళ్లీ అలాగే ఉంటుంది. పెరట్లో మునగ చెట్టో కరివేపాకో ఉంటే రెండు కట్టలు బడికి పంపండి. మునగాకు వేసిన పప్పు మా బడిలో పిల్లలు ఇష్టంగా తినేవాళ్లు. పుట్టినరోజులకు కేకు బదులు తిథి భోజనం (ఊరివాళ్లు తమ ఖర్చుతో బడి పిల్లలకు పెట్టించేది) కింద బడిలో అరటిపళ్లో, ఒక స్వీటో పెట్టించే వీలు కూడా ఉంది. మన రాష్ట్రంలో ఈ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వందేళ్లకు పైగా కిందట కోనసీమలో గోదావరి దాటి వచ్చిన ఏ వేళ మనిషికైనా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ పేరు రాసిన గోడ కింద ఏ పిల్లా సగం ఆకలితో లేవకూడదని నా కోరిక.

సెలవుల సంగతి చాలామంది మరిచిపోతారు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా వారానికి అయిదు గుడ్లు, పప్పు, చిక్కీ, జావ అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. జూన్‌లో బడి తెరిచాక బరువు చూస్తే కొందరు పిల్లలు ఏప్రిల్ కంటే తగ్గి వచ్చేవాళ్లు. ఆ రెండు నెలలూ ఇంట్లో కనీసం రోజు విడిచి రోజు గుడ్డు, పొద్దున రాగిజావ ఉండేలా ముందుగానే అనుకోండి. రాగిపిండి రెండు కిలోలు పట్టించి పెట్టుకుంటే చాలా రోజులు వస్తుంది. చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ కూడా మంచి టిఫినే, దాన్ని చిన్నచూపు చూడకండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. ముందు ఈ వారం మెనూ ఫొటో తీసుకోండి, టీ ఆపండి, పాపతో మాట్లాడండి. ఇద్దరి ఎత్తూ బరువూ ఇప్పుడే బడిలో చూపించి క్యాలెండర్ మీద రాసుకోండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. పెరుగుదల కనిపిస్తే మీరు చేస్తున్నది సరిగ్గా ఉంది. పాప బాగా తింటున్నా బరువు కదలకపోతే, కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే, ఊరికే అలసిపోతుంటే, బలపాలో మట్టో పచ్చి బియ్యమో తింటుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పాప వయసుకు 11.5 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క, పన్నెండేళ్లు నిండిన బాబుకైతే 12 కంటే తక్కువ. అప్పుడు బడిలో ఇచ్చే వారం మాత్ర సరిపోదు, డాక్టరు రోజువారీ మందు రాస్తారు. రెండూ కలిసిపోకుండా బడిలో టీచరుకు కూడా ఆ చీటీ చూపించండి. మందు మొదలుపెట్టాక పిల్ల హుషారుగా కనిపించింది కదా అని మధ్యలో ఆపకండి, డాక్టరు చెప్పినన్ని నెలలూ వేయండి.